దున్నని మాగాణిలో మొక్కజొన్న: పాత విత్తు యంత్రమును సరిచేయు విధము

వరి కోసిన మాగాణిని దున్నకయే మరియొక పంట తీయుట కృష్ణా డెల్టా రైతులకు క్రొత్త గాదు. వరి కోతకు కొన్ని దినములు ముందుగా చేనిలో మినుములు, పెసలు వెదజల్లి, నేలలో మిగిలిన పదునుతోనే పైరు పెంచుట మన పెద్దల నాటి నుండియు నున్న యాచారము. అదియు దున్నని సేద్యమే. అయితే మినుముపై పల్లాకు తెగులును, బంగారు తీగయు విజృంభించుట చేతను, కాలువ నీరు ఆలస్యమై వరి కోతలు వెనుకబడుట చేతను, 2000వ సంవత్సరమునకు తరువాత గుంటూరు, కృష్ణా ప్రాంతముల రైతులనేకులు వరి వెనుక మొక్కజొన్నకు తిరిగిరి. తాడు లాగి, కర్రతో గుంట పొడిచి, గుంటకొక గింజ చొప్పున కూలీలచే విత్తించుట సాధారణముగా జరుగుచున్న పద్ధతి.

ఈ పని చక్కనిదే. కాని ఊరిలోని చేలన్నియు నొక్కమారే కోతకు వచ్చును. అందరకు నొక్కమారే కూలీలు కావలయును. కూలీల కొరకు వారము దినములు కాచుకొన్నచో నేల పదును ఆరిపోవును. ఇట్టి స్థితిలో సభ్యులు పలువురు మమ్ము అడుగుచున్న ప్రశ్న యిది: "సంఘము షెడ్డులో పాత మొక్కజొన్న ప్లాంటరు పడియున్నది గదా, దానిని దున్నని మాగాణిలో తోలరాదా?"

తోలవచ్చును. కాని ఉన్నది ఉన్నట్లుగా తోలరాదు. ఆ యంత్రము మెట్ట దుక్కిలో, మెత్తని మట్టిలో నడచుటకు అమర్పబడినది. దుక్కిచేసిన నేలలో గడ్డిని పూడ్చుట, మట్టిని వదులు చేయుట, గింజపై మెత్తని మన్ను కప్పుటకు వీలు కల్పించుట అను మూడు పనులను నాగలి ముందుగానే ముగించియుండును. దున్నని చేనిలో నాగలి లేదు గాని ఆ మూడు పనులు అట్లే మిగిలియున్నవి. గింజ పడు సన్నని చాలులో వాటిని విత్తు యంత్రమే చేయవలెను. పాత యంత్రమును సరిచేయుట యనగా ఈ మూడు పనులకు దానిని సిద్ధపరచుటయే యని సభ్యులు గ్రహింపవలయును.

ఒక్క మొక్క విలువ

వరి నాట్లలో ఒక కుదురు చచ్చినచో ప్రక్క కుదుళ్లు పిలకలు వేసి ఆ లోటును కొంతవరకు పూడ్చును. మొక్కజొన్న అట్టిది గాదు. దానికి పిలకలు పెట్టి ఖాళీ నింపు గుణము లేదు. మొలవని గింజతో ఒక కండె పోయినట్లే. వారము పదిదినములు గడచిన పిమ్మట ఖాళీలలో మరల గింజ నాటినను, ముందు మొలచిన మొక్కల నీడలో అవి సన్నగిల్లి గొడ్డుమొక్కలగుచుండును. కావున విత్తిన దినమున జరిగిన లోపమును తరువాత ఎరువుతో గాని నీటితో గాని దిద్దుకొనజాలము.

మన సంఘములలో కౌలుకు చేయువారు పెక్కుమంది గలరు. పంట పండినను పండకున్నను కౌలు చెల్లింపవలసినదే. వారికి విత్తనపు సంచి యొక ఖర్చు, ట్రాక్టరు బాడుగ యొక ఖర్చు. వరుసలలో మూడవ వంతు గింజ మొలవకపోయినచో ఆ నష్టము వారి యింటి గింజలలో నుండి పోవును. ఇందువలననే యంత్రమును చేనిలోనికి దింపుటకు ముందు ఒక దినము షెడ్డులో గడపుడని మేము చెప్పుచున్నాము.

ఈ పద్ధతి పుట్టుపూర్వోత్తరములు

యంత్రములతో దున్నని సేద్యము అమెరికా దేశమున వ్యాపించెను. 1943లో ఎడ్వర్డు ఫాక్నరు అను నతడు నాగలిని నిరసించుచు నొక గ్రంథము ప్రకటింపగా గొప్ప వాదము చెలరేగినది. 1962లో కెంటకీ రాష్ట్రమున హ్యారీ యంగు అను రైతు ఎకరములోపు మడిలో దున్నకయే మొక్కజొన్న విత్తి పండించెను. గడ్డిని కోయు మడతల చక్రము ముందు భాగమున గల యంత్రమును 1966లో అల్లిస్ చామర్సు కంపెనీ వారు విక్రయమునకు తెచ్చిరి. మన దేశమునకు 1989లో న్యూజీలాండు నుండి తలక్రిందుల 'టి' అక్షరము వంటి పాదములు వచ్చెను. పంతనగరు వ్యవసాయ విశ్వవిద్యాలయమున 1991లో అట్టి పాదములు గల విత్తు గొర్రు తయారయ్యెను. ఉత్తరాదిని వరి వెనుక గోధుమ దున్నకుండ విత్తుట దానితో సాగినది. పాదమును, కోత చక్రమును మార్చుటయే ఈ చరిత్ర అంతటిలోను ముఖ్యమైన సంగతియని పాఠకులు గమనింతురు గాక.

షెడ్డులో చేయవలసిన తనిఖీ

యంత్రమును వెలుతురు గల చదునైన చోట దిమ్మెలపై నిలిపి, ఈ క్రింది వానిని వరుసగా చూడవలెను.

మొదట పాదములు. ఒక్కొక్క పాదమును చేతితో ప్రక్కలకు ఊపి చూడుడు. కొనవద్ద అర అంగుళమునకు మించి ఆడినచో బుష్షులు, బోల్టులు అరిగినవని తెలియవలెను. మెత్తని దుక్కిలో ఈ ఆట వలన పెద్ద హాని లేదు. గట్టి నేలలో పాదము వరిదుబ్బును తాకినప్పుడెల్ల ప్రక్కకు జరుగును. చాలు వంకరగును, గింజ ఒకచోట లోతుగను, ఒకచోట పైపైనను పడును.

రెండవది విత్తనపు గొట్టములు. ఏడాది వాడని యంత్రములో కందిరీగలు కట్టిన మట్టిగూళ్లు, ఎలుకలు చేర్చిన చెత్త గొట్టములలో నుండును. సన్నని కర్రతో గాక, గుడ్డ చుట్టిన తీగతో తుడిచి, పైనుండి గింజలు వేసి క్రింద ఆటంకము లేకుండ రాలుచున్నవో లేదో చూడవలెను. గొట్టపు క్రింది యంచు వంగియున్నచో గింజ దానికి తగిలి ముందువెనుకలుగా పడును.

మూడవది గొలుసులు, పళ్లచక్రములు. పళ్లు కొక్కెమువలె వంగినచో మార్చవలెను. తుప్పుపట్టి బిగిసిన గొలుసు కుదుపుతో తిరుగును. కుదుపుతో తిరుగు పళ్లెము రెండు గింజలను ఒక్కచోట వేసి తరువాత ఖాళీ విడుచును. గొలుసును కిరసనాయిలులో నానబెట్టి, తుడిచి, పలుచగా నూనె పూయుడు.

నాల్గవది విత్తనపు పళ్లెములు. ఈ ఏట తెచ్చిన విత్తనముతోనే వానిని పరీక్షింపవలెను. పళ్లెపు గంటిలో ఒక్క గింజ చక్కగా ఇమిడి, రెండవ గింజకు చోటు లేకుండ నుండవలెను. గింజ బల్లపరుపుగా నున్న సంచి యొకటి, గుండ్రని సంచి యొకటి వచ్చుట కలదు; రెంటికి ఒకే పళ్లెము కుదరదు. మందు పట్టించిన విత్తనము జిగురుగా నున్నచో కొంచెము గ్రాఫైటు పొడి కలిపిన తేలికగా జారును. ఆ విత్తనమును చేతితొడుగు లేకుండ ముట్టరాదు. మిగిలినదానిని కోళ్లకు, పశువులకు వేయరాదు.

గడ్డిని కోయుట

హార్వెస్టరుతో కోసిన చేనిలో గడ్డి వరుసలుగా పడియుండును. దానిని ఎత్తివేయుటయో, చేనియంతట సమముగా పరచుటయో ముందుగా జరుగవలెను. కుప్పగా నున్న గడ్డిలో ఏ యంత్రమును నడువదు. కొడవలితో నేలకు దగ్గరగా కోసి, గడ్డిని పశువులకు తరలించిన చేనిలో సన్నని పాదము గల యంత్రము కోత చక్రము లేకున్నను నడచును.

గడ్డి మిగిలిన చేలలో పాదమునకు ముందు కోత చక్రమొకటి ఉండవలెను. పాత యంత్రమునకు దీనిని మన కమ్మరులే అమర్చగలరు. ఇందు మూడు సంగతులు చూడవలెను. చక్రము చదునుగా నుండవలెను. డిస్కు హారోలోని డిస్కు పళ్లెమువలె వంపు గలది గావున ఇందుకు పనికిరాదు. చక్రము సరిగా పాదపు కొనకు ఎదురుగా నుండవలెను. ఒక వ్రేలి వెడల్పు ప్రక్కకు తొలగినను పాదము కోయని గడ్డిలో నడచినట్లగును. చక్రపు లోతు గింజ పడు లోతుకన్న పావు అంగుళము మొదలు అర అంగుళము వరకు తక్కువగా నుండవలెను. చక్రము గింజకన్న లోతుగా కోసినచో గింజ క్రింద బోలు ఏర్పడి, వేరు గాలిలో వ్రేలాడి ఎండును.

మంచుతో తడిసిన గడ్డి తెగదు; చక్రపు ఒత్తిడికి మడతపడి చాలులోనికి దిగును. ఆ మడతలో పడిన గింజకు మట్టి తగులదు, పదును అందదు. కావున గడ్డిగల చేనిలో ఉదయము మంచు ఆరిన పిమ్మటనే యంత్రమును దింపవలెను. తెల్లవారుజామున తోలి ముగింపవలెనను తొందర ఇచ్చట పనికిరాదు.

పాదము

మెట్ట దుక్కికై వచ్చిన వెడల్పు కర్రులు దున్నని మాగాణిలో పెద్ద పెడ్డలను లేవనెత్తును. చాలు తెరచుకొని పోవును, పదును ఎగిరిపోవును. వాటిని తీసి తలక్రిందుల 'టి' ఆకారపు సన్నని పాదములు బిగించుట ఉత్తమము. ఇవి పైన సన్నని చీలికను, అడుగున కొంచెము వెడల్పైన చోటును కల్పించును. గింజ ఆ వెడల్పులో పడి, పైన చీలిక సన్నగా నుండుటచే పదును నిలుచును. ఇట్టి పాదముల కొనలు త్వరగా అరుగును. అరిగిన కొనకు గట్టి లోహము వెల్డింగు చేయించుకొనవలెను.

కొన్ని యంత్రములకు పాదమునకు మారుగా రెండు డిస్కులు కలిసి చాలు తీయు అమరిక యుండును. ఆ రెండు డిస్కులు ముందు క్రిందిభాగమున ఒకదానినొకటి ఒరయుచుండవలెను. దీనిని తెలిసికొనుట సులభము. దళసరి కాగితపు ముక్కలు రెండు తీసికొని, ఒకదానిని పైనుండి, మరియొకదానిని క్రిందినుండి డిస్కుల నడుమ చొప్పింపుడు. అవి ఆగిన రెండు చోట్ల నడిమి దూరము సుమారు 2 అంగుళములున్నచో సరియే. అంతకు చాల తక్కువగా నున్నచో డిస్కు వెనుకనున్న వాషరును మార్చి దగ్గరకు తేవలెను. డిస్కులు అడ్డుకొలతలో అర అంగుళమునకు మించి అరిగినచో క్రొత్తవి వేయుటయే మేలు. డిస్కులు ఒరయనిచో చాలు అడుగున నడుమ మట్టిగట్టు మిగులును. గింజ ఆ గట్టుపై నిలిచి కావలసిన లోతునకు చేరదు.

బరువును, లోతును

మొక్కజొన్న గింజ మాగాణిలో 4 మొదలు 5 సెంటీమీటర్ల లోతున, అనగా సుమారు 2 అంగుళముల లోతున పడవలెను. దీనికి కారణము కలదు. మొక్కను నిలబెట్టు ముఖ్యమైన వేళ్లు గింజనుండి పుట్టవు. నేలమట్టమునకు సుమారు 2 సెంటీమీటర్ల క్రింద నున్న కణుపునుండి పుట్టును. గింజ పైపైన పడినచో ఆ కణుపు ఎండిన మట్టిలో చిక్కును, వేళ్లు దిగవు, గాలికి మొక్క ఒరగును.

దుక్కిలో యంత్రము తన బరువుచేతనే దిగును. దున్నని నేలలో దిగదు. పాదము పైకి తేలును. అందుచే బరువు చేర్చవలెను. స్ప్రింగులున్న యంత్రములో ముందు వానిని బిగించి చూచి, చాలకున్న ఇసుక బస్తాలను చట్రమునకు ఇరువైపుల సమముగా తాళ్లతో కట్టవలెను. మనుష్యులను బరువు కొరకు యంత్రముపై కూర్చుండబెట్టుట ఎంతమాత్రము కూడదు. కాలు జారినవాడు పాదముల క్రిందనే పడును.

ట్రాక్టరుకు తగిలించిన పిమ్మట చట్రము ముందువెనుకలకును, ప్రక్కలకును సమముగా నున్నదో లేదో పొలములోనే, పాదములు నేలలో దిగిన స్థితిలోనే చూడవలెను. పైనున్న లింకును కొంచెము కురుచ చేసినచో చట్రము ముందునకు వాలి పాదము నేలను పట్టును. మిక్కిలి వాల్చినచో గింజ పడు స్థానము మారును, వెనుకనున్న మూత చక్రములు లేచిపోవును. కావున ఒక్కొక్క మరచుట్టు త్రిప్పి, చూచి, మరల త్రిప్పుడు.

చాలు మూయుట

విత్తిన వెనుక చాలులో గింజ కంటికి కనబడరాదు. కనబడినచో కాకులకు, ఎలుకలకు మన చేతులతో పెట్టినట్లే. దుక్కిలో మట్టి తనంతట తానే కూలి గింజను కప్పును. నల్లరేగడి మాగాణిలో చాలు గోడవలె నిలిచియుండును. పాదము వెనుక ఒత్తుడు చక్రము ఉండవలెను. అది చాలుకు సరిగా నడుమ నడువవలెను. చదునైన చక్రము చాలు పైభాగమును మాత్రమే నొక్కి లోపల బోలు విడిచినచో, ఇరుప్రక్కలనుండి ఏటవాలుగా నొక్కు జోడుచక్రములు మేలు. అవి లేనిచో బరువైన గొలుసు ముక్కను పాదము వెనుక ఈడ్చుట కొంత ఉపకరించును.

ఇచ్చట పదునును గూర్చి హెచ్చరింపవలసియున్నది. రేగడి మిక్కిలి తడిగా నున్నపుడు పాదము చాలు గోడలను అలికినట్లు నునుపు చేయును. ఆ గోడ ఎండి ఇటుకవలె గట్టిపడును. వేళ్లు ప్రక్కలకు పోజాలవు. నాలుగుదినములు ఎండ కాసినచో చాలు పొడవునను నేల నెరియవిచ్చి గింజ బయటపడును. 2 అంగుళముల లోతునుండి పిడికెడు మన్ను తీసి ఉండ చేయుడు. బొటనవ్రేలితో నొక్కగా ఉండ పగిలి ముక్కలైనచో విత్తవచ్చును. నొక్కినచోట గుంటపడి జిగురుగా సాగినచో ఇంకను ఆగవలెను. ఉండయే కట్టకున్నచో పదును దాటినది. విత్తి, వెంటనే తేలిక తడి ఇయ్యవలసియుండును. నీరు నిలిచినచో మొలక చచ్చును గావున నీరు తీయుటకు బోదెలు ముందే సిద్ధముగా నుంచుకొనుడు.

గింజల లెక్క

వరుసకు వరుసకు 60 సెంటీమీటర్లు, గింజకు గింజకు 20 సెంటీమీటర్లు ఎడమిచ్చినచో ఎకరమునకు రమారమి 33,700 గింజలు పట్టును. వేయి గింజలు పావు కిలో తూగు విత్తనమైనచో ఇది ఎనిమిదిన్నర కిలోలకు కొంచెము తక్కువ.

యంత్రములో గింజల ఎడమును నేలచక్రము నిర్ణయించును. ఒక ఉదాహరణము చూతము. నేలచక్రపు అడ్డుకొలత 40 సెంటీమీటర్లు అనుకొందము. అది ఒకమారు తిరిగినచో 126 సెంటీమీటర్లు నడచును. ఆ ఒక్క చుట్టుకు విత్తనపు పళ్లెము అరచుట్టు తిరుగునని, పళ్లెమునకు 12 గంట్లున్నవని అనుకొన్నచో 6 గింజలు రాలును. 126ను 6తో భాగింపగా గింజకు గింజకు 21 సెంటీమీటర్లు వచ్చును. ఎకరమునకు సుమారు 32,000 గింజలు. ఇది చాలును.

అయితే ఈ లెక్క చక్రము జారనపుడే నిజము. గట్టి నేలలో, గడ్డిమీద చక్రము జారుచు, ఎగురుచు పోవును. అది తిరుగనంత సేపు గింజ రాలదు. కావున చక్రముపై సుద్దతో గుర్తు పెట్టి, చేనిలోనే పది చుట్లు తిరుగునంత దూరము తోలించి, ఆ దూరమును కొలువుడు. పై ఉదాహరణములో అది 12 మీటర్ల 60 సెంటీమీటర్లు ఉండవలెను. 13 మీటర్ల 90 సెంటీమీటర్లు వచ్చినదనుకొనుడు. పది చుట్లకు రాలినవి 60 గింజలే గనుక ఎడము 23 సెంటీమీటర్లు దాటినది. ఎకరమునకు గింజలు 29,000కు దిగినవి. షెడ్డులో సరిగానున్న యంత్రమే చేనిలో ఎకరమునకు మూడువేల మొక్కలను తగ్గించినదన్నమాట. చక్రమునకు ఇనుప పట్టీలు వెల్డింగు చేయించి జారుడు తగ్గించుటయో, పళ్లచక్రమును మార్చి పళ్లెపు వేగమును పెంచుటయో చేయవలెను.

ట్రాక్టరు వేగము కూడ ఈ లెక్కలో చేరును. పళ్లెపు యంత్రములు గంటకు 4 కిలోమీటర్లకు మించి పరుగెత్తరాదు. అర నిమిషమున 33 మీటర్లు నడచినచో ఆ వేగమే. అంతకు మించినచో గంట్లు నిండకయే పళ్లెము తిరుగును. బాడుగ గంటల లెక్కనున్నపుడు రైతు తొందరపెట్టును. ఎకరముల లెక్కనున్నపుడు డ్రైవరు తొందరపడును. రెండు తొందరలును పంటకు చేటే.

ఎరువు

యంత్రమునకు ఎరువు పెట్టె యున్నచో ఎరువు గింజకు 5 సెంటీమీటర్లు ప్రక్కకును, 5 సెంటీమీటర్లు క్రిందికిని పడునట్లు వేరు గొట్టము అమర్పవలెను. ఒకే చాలులో గింజయు ఎరువును కలసి పడినచో, ముఖ్యముగా యూరియా తగిలినచో, మొలక మాడిపోవును. వేరుగా వేయు అమరిక లేనిచో విత్తునపుడు ఎరువు పెట్టెను ఖాళీగా నుంచి, తరువాత ప్రక్కన గుంటలలో వేయించుట క్షేమము.

దున్నని చేనిలో కలుపును, వరిదుబ్బుల చిగుళ్లను అణచుటకు మందులు కొట్టుదురు. దాని వివరములు వేరు వ్యాసమునకు తగినవి. ఒక్క మాట మాత్రము చెప్పక తప్పదు. పారాక్వాట్ కడుపులోనికి పోయినచో దానికి విరుగుడు మందు లేదు. అట్టి మందును త్రాగు సీసాలలో పోయుట, వంటయింట నుంచుట, పిల్లలకు అందునట్లు విడుచుట మహాపాపము. ఏ మందు వాడుటకు అనుమతి కలదో వ్యవసాయ శాఖ వారినడిగి తెలిసికొనవలెను. డబ్బాపై చీటీని చదివించుకొనవలెను.

చేనిలో పరీక్ష

యంత్రమును చేనిలో దింపి 30 మీటర్లు తోలి ఆపుడు. ప్రతి పాదము వెనుకను నడచి, మీటరు పొడవున చాలును చేతికర్రతో మెల్లగా విప్పుడు. అయిదు గింజలు కనబడవలెను. ఒక్కొక్క గింజ లోతును కొలకర్రతో కొలువుడు. గింజ క్రింద తడిమట్టి తగులుచున్నదా, గడ్డి మడత ఉన్నదా, పైన చాలు మూసికొన్నదా యని చూడుడు. ఒక పాదము సరిగా నున్నదని తక్కిన వానిని విడువరాదు. ట్రాక్టరు చక్రపు జాడలో నడచు పాదము తక్కిన వానికన్న తరచు పైకి తేలుచుండును. హార్వెస్టరు గాడులు పడినచోట కూడ నిట్లే మరల చూడవలెను.

పాదము నేలలో నున్నపుడు ట్రాక్టరును వెనుకకు నడుపరాదు, మలుపు త్రిప్పరాదు. వెనుకకు నడిచినచో గొట్టములో మన్ను క్రుక్కుకొనును. ఆ వరుస చివరివరకు ఒట్టిపోవును, ఎవ్వరును గమనింపరు. అందుచే ప్రతి మలుపువద్దను ఒక మనిషి గొట్టములను చూచుచుండవలెను.

మొలకలు వచ్చిన పిదప 6 మీటర్ల 75 సెంటీమీటర్ల తాడొకటి తీసికొని, వరుస వెంట పరచి, అందలి మొక్కలను లెక్కింపుడు. 60 సెంటీమీటర్ల వరుసలలో ఆ పొడవు ఎకరములో వేయవ వంతు. తాడు పొడవున 30 మొక్కలున్నచో ఎకరమునకు 30,000 ఉన్నట్లు. చేనిలో అయిదారుచోట్ల లెక్కించి సరాసరి చూడవలెను. ఈ లెక్క వ్రాసియుంచినచో మరుసటి యేట యంత్రమును ఎంత దిద్దవలెనో అదియే చెప్పును.

ఎవరు చేయరాదు

తుంగ, గరిక దట్టముగా నల్లుకొన్న చేను, నీరు దిగని పల్లపు మడి, హార్వెస్టరు గాడులతో ఎగుడుదిగుడైన చేను ఈ పద్ధతికి తగవు. మొదటి యేట కొద్ది సెంట్ల నేలలోనే తోలి చూచుడు. ప్రక్కనే కూలీలచే నాటించిన మడి నుంచినచో భేదము కంటికే తెలియును. మొక్కలు సమముగా వచ్చినచో మరుసటి యేట విస్తరింపవచ్చును.

సంఘము చేయదగినది

ఒక రైతు ఒంటిగా ఇంత పని చేయించుట భారమగును. సంఘమునకు అది భారము గాదు. వరి కోతకు నెల ముందుగనే పంచాయతుదార్లు కూడి యంత్రమును దింపించి, కమ్మరిని, మెకానిక్కును పిలిపించి, అరిగిన భాగముల పట్టిక వ్రాయించవలెను. పాదపు కొనలు, బుష్షులు, గొలుసు లంకెలు కొన్ని నిల్వ నుంచవలెను. విత్తు మధ్యలో విరిగిన బోల్టు కొరకు పట్టణమునకు పోయినచో నాటి పదును మరునాటికి ఉండదు. ఎవరి చేను ముందు కోతకు వచ్చునో ఆ వరుసనుబట్టి యంత్రము ఇచ్చుటకు ముందుగానే నిర్ణయించినచో తగవులుండవు. పెద్ద కమతమువారు ముందు, కౌలుదారు వెనుక యను పద్ధతి సహకారము గాదు.

యంత్రముతో బాటు ఒక చిన్న పుస్తకము తిరుగవలెను. ఏ చేనిలో ఎంత బరువు కట్టిరి, పైలింకు ఎన్ని చుట్లు త్రిప్పిరి, ఏ పళ్లెము వేసిరి, పది చుట్లకు ఎంత దూరము వచ్చెను, మొలకల లెక్క ఎంత అని అందు వ్రాయవలెను. రెండు మూడేండ్లలో ఆ పుస్తకము మన గ్రామపు నేలకు తగిన మార్గదర్శిని యగును. అట్టిది ఏ కంపెనీవారును అచ్చువేసి ఇయ్యజాలరు.

క్రొత్త యంత్రము కొనుటకు శక్తిగలవారు కొనవచ్చును. శక్తి చాలనివారు పాతదానిని చూచి నిరాశపడ పనిలేదు. పదునైన కోత చక్రము, సన్నని పాదము, చాలినంత బరువు, చాలు మూయు చక్రము అను నాలుగును అమరినచో, ఆ పాత యంత్రమే గింజను రెండంగుళముల లోతున తడిమట్టిలో నుంచగలదు. గింజకు కావలసినది అదియే. ఈ ఋతువున కోతలు మొదలగుటకు ముందు ప్రతి సంఘమువారును తమ షెడ్డు తలుపు తెరచి, యంత్రమును వెలుతురులోనికి లాగి, పై తనిఖీని ముగింతురని కోరుచున్నాము.